పైన గీత ఉంది, కింద గీత ఏదీ?

మీ ప్రశ్న – నా జవాబు (ఈ నెల: డ్రోన్లు)

పోయిన సంచికలో పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో పొలం ఊసు తక్కువ. డాబాలు, పెరళ్లు, పెళ్లిళ్లు, పిల్లల సరదాల గురించే ఎక్కువ. నేను పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. విశాఖలో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా చెక్కతో చిన్న విమానాలు చేసి ఎగరేసేదాన్ని. ఆ ఇష్టం ఇప్పటికీ అలాగే ఉంది. ఇద్దరు ఆడపిల్లల తల్లిని కూడా. అందుకని ఎగరేసేవాళ్ల బాధా, కింద ఉన్నవాళ్ల బాధా రెండూ నాకు తెలుసు.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. పక్క వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి రోజూ సాయంత్రం డ్రోన్ ఎగరేస్తాడు. అది మా డాబా మీదికి వచ్చి కాసేపు ఆగి వెళుతుంది. మా అమ్మాయిలు తల ఆరబెట్టుకోడానికి కూడా పైకి వెళ్లడం మానేశారు. మావారేమో "చిన్నపిల్లాడు, పోనిద్దూ" అంటారు. పోలీసులకు చెబితే పట్టించుకుంటారా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: పోనివ్వకండి. మీ పిల్లలు సొంత డాబా ఎక్కడం మానేశారంటే నష్టం ఇప్పటికే జరిగిపోయింది. అతను వీడియో తీశాడా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ముందు మీరూ మీవారూ కలిసి, పగటిపూట, ఆ అబ్బాయి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లండి. గొడవకి వెళ్లినట్టు కాకుండా, "బాబూ, ఒకసారి ఎగరేసి మా డాబా మీద నుంచి నీ ఫోన్‌లో ఏం కనిపిస్తుందో మాకు చూపించు" అని అడగండి. డ్రోన్‌ని గాలిలో ఒకచోట కదలకుండా నిలపడం కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెద్ద సాధన. అతని కళ్లు స్క్రీన్ మీద ఎత్తు, బ్యాటరీ, గాలి హెచ్చరికల మీదే ఉండి ఉండొచ్చు. కానీ కింద దండెం దగ్గర నిలబడ్డ పిల్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ స్క్రీన్ మీ అందరి ముందూ పెడితే, అతనికి చెడు ఉద్దేశం లేకపోతే అక్కడికక్కడే సిగ్గుపడి స్కూలు గ్రౌండుకి మారతాడు. నూటికి తొంభై కేసులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

తీరకపోతే, తేదీ, టైము రాసి పెట్టుకోండి. డ్రోన్ మీ పిట్టగోడ దాటి లోపల ఉన్నట్టు తెలిసేలా మీ ఫోన్‌తో వీడియో తీయండి. కెమెరా ఎటు తిరిగి ఉందో కింద నుంచి కూడా తెలుస్తుంది: ముందు వైపు చిన్న ఊయలలో వేలాడుతుంటుంది, నేల వైపు వంచితే అద్దం మీకే కనిపిస్తుంది. వీటితో స్టేషన్‌కి వెళ్లండి. భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ గుర్తుంచుకోండి. స్త్రీ గౌరవాన్ని కించపరచాలనే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడితే మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. స్నానం చేస్తుంటేనో, బట్టలు మార్చుకుంటుంటేనో చాటుగా చూసినా, తీసినా 77వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ మొదటిసారికే కనీసం ఏడాది జైలు. అర్జంటైతే 112కి గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. 79లో "ఉద్దేశం" నిరూపించాలి. డాబా మీద తల ఆరబెట్టుకోవడం 77 కిందికి రాదు. మరి డ్రోన్ల కోసమే రాసిన నిబంధనల్లో ఏముంది? 2021 మార్చిలో వచ్చినవాటిలో, జనం ప్రైవసీకి భంగం కలగకుండా చూసే బాధ్యత ఎగరేసేవారిదే అని ఒక మాట ఉండేది. ఆ నిబంధనలు మరీ బరువుగా ఉన్నాయని అందరూ మొత్తుకుంటే, ఆగస్టు 25న కొత్తవి తెచ్చారు. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కి, ఫీజు రకాలు 72 నుంచి 4కి తగ్గాయి. సరదాకి ఎగరేసేవాళ్లకి ఊపిరి ఆడింది, నేనూ సంతోషించాను. కానీ ఆ తగ్గింపులో ప్రైవసీ మాట కూడా పోయింది. ఉండాల్సింది అదొక్కటే.

ఉన్న నిబంధనలు ఏం కొలుస్తున్నాయో చూడండి. ఎంత బరువు, ఎంత ఎత్తు, విమానాశ్రయానికి ఎంత దూరం. అంటే డ్రోన్ విమానానికి తగులుతుందేమో, ఎవరి నెత్తినైనా పడుతుందేమో అన్న భయంతో రాసినవి. మామూలు చోట 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటకూడదు. మంచిదే. కానీ మీ డాబాకి ఆ గీతతో ఏం పని? చిన్న లెక్క వేసి చూపిస్తాను, నా పాత అలవాటు. మామూలు చిన్న డ్రోన్‌కి ఉండే వెడల్పాటి కోణం 4కే కెమెరాని 120 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి తిప్పితే, ఒక ఫ్రేములో సుమారు 180 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. ఫ్రేము వెడల్పు 3,840 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు. అంటే మీటరు నేలకి 21 పిక్సెళ్లు, మనిషి ముఖానికి మూడు. ఎవరో కాదు కదా, ఆడో మగో కూడా తెలియదు. అదే డ్రోన్ పది మీటర్ల ఎత్తుకి దిగితే ఫ్రేములో పడేది 15 మీటర్లే, అదే ముఖానికి 40 పిక్సెళ్ల దాకా దక్కుతాయి. గుర్తుపట్టడానికి అది చాలు. జూమ్ లెన్సులున్న ఖరీదైన డ్రోన్ల సంగతి వేరు. వీధిలో కుర్రాళ్ల చేతుల్లో ఉండేవి మాత్రం ఇవే.

అంటే ప్రైవసీకి ప్రమాదం ఎత్తులో లేదు, ఎత్తు తగ్గినప్పుడు ఉంది. నిబంధన పైన గీత గీసింది, కింద గీయలేదు. 120 మీటర్లలో ఎగిరే డ్రోన్ మీ పిల్లల్ని ఏమీ చేయలేదు. దాన్ని ఇంకో అడుగు పైకి పోనిస్తే తప్పు. పిట్టగోడ పక్కన ఆగిన డ్రోన్‌ని మాత్రం ఆ గీత పట్టించుకోదు. ఇళ్ల మీద, ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప, 30 మీటర్ల కంటే కిందికి దిగకూడదు, ఒకచోట ఆగకూడదు అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. దానివల్ల సరదాగా ఎగరేసే ఏ పిల్లాడికీ నష్టం లేదు.

ఇదేమీ మన చట్టానికి కొత్త కాదు. ఒకరి స్థలం మీద ఇంకొకరికి ఉండే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. పక్కింటివారి చాటు చెడేలా కొత్త కిటికీ పెట్టకూడదన్న ఆచారం ఒక ఊళ్లో ఉంటే, ఆ ఆచారమే హక్కవుతుంది. మామూలుగా బయటివాళ్ల కంటపడని భాగం కనిపించేలా పక్కింటాయన కిటికీ తెరవకూడదు. ఆ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, అంటే మీ తెనాలి కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యతని ప్రాథమిక హక్కు అన్నారు. గోడకి పెట్టే కిటికీ గురించి నూటనలభై ఏళ్ల కిందటే ఆలోచించినవాళ్లం, గాలిలో తిరిగే కిటికీ గురించి ఆలోచించలేమా?

ప్రశ్న: నేను బీటెక్ స్టూడెంట్‌ని, ఖమ్మం. 249 గ్రాముల డ్రోన్ ఉంది. ఇప్పుడు విడిభాగాలు తెచ్చి సొంతంగా ఒక ఎఫ్‌పీవీ డ్రోన్ (గాగుల్స్‌లో దాని కెమెరా దృశ్యం చూస్తూ ఎగరేసేది) తయారుచేస్తున్నాను. ఎక్కడికి తీసుకెళ్లినా ఎవరో ఒకరు "ఎవర్ని తీస్తున్నావ్ రా" అని మీదికొస్తారు. చట్టం నా వైపు ఉందా, లేదా మేడమ్?

జవాబు: చాలావరకు నీ వైపే ఉంది నాయనా. 250 గ్రాముల లోపుది నానో; దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల దాకా కూడా, డబ్బు సంపాదన కోసం కాకపోతే అక్కర్లేదు. నువ్వు చేసుకుంటున్నది సరదాకీ చదువుకీ వాడే మోడల్ కిందికి వస్తుంది కాబట్టి టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డ్రోన్ నిబంధనలకి సరిపోతుందని ఇచ్చే ధ్రువపత్రం) బాధ కూడా లేదు. అయితే ఆ మోడల్ అనే వెసులుబాటు డ్రోన్ కంటికి కనిపించేంత దూరంలో ఉన్నంతవరకే. ఎఫ్‌పీవీ గాగుల్స్ పెట్టుకుంటే నీ కళ్లు డ్రోన్‌లో ఉంటాయి, డ్రోన్ మీద ఉండవు. కాబట్టి పక్కన ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టు. వాడి పని ఆకాశం వైపు చూస్తూ "కుడివైపు జనం వస్తున్నారు" అని నీకు చెప్పడమే. ఫోన్ చూసుకునే ఫ్రెండ్ పనికిరాడు.

బయల్దేరే ముందు, ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అడగాల్సిన పని లేదు. విమానాశ్రయం గోడకి ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగులే. సభో, వీఐపీ రాకో ఉంటే పోలీసులు ఉన్నట్టుండి తాత్కాలిక రెడ్ జోన్ పెట్టగలరు, ఒక్కో విడత 96 గంటల దాకా. నిన్న గ్రీన్‌గా ఉంది కదా అని ఇవాళ వెళ్లొద్దు.

ఇక మీదికొచ్చేవాళ్ల సంగతి. వాళ్లది మూర్ఖత్వం అనుకోకు. నీ డ్రోన్ 249 గ్రాములే కావచ్చు, దాని కెమెరా రెండు కిలోల డ్రోన్ కెమెరాకి ఏమీ తీసిపోదు. యూరప్‌లో 2020 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, 250 గ్రాముల లోపుదైనా కెమెరా ఉంటే, అది పిల్లల బొమ్మ కాకపోతే, ఎగరేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ బరువుతో పాటు కెమెరానీ లెక్కలోకి తీసుకున్నారు. ఇక్కడా అలాగే ఉండాలని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ నీకు శత్రువు కాదు. డ్రోన్ మీద నంబరు ఉంటే, "ఇదిగో నా నంబరు, రాసుకోండి" అని ధైర్యంగా చెప్పగలవు.

అందాకా నేను చేసే పని చెబుతాను. మేడ మీద నుంచి, గోడ చాటు నుంచి ఎప్పుడూ ఎగరేయను. అందరికీ కనిపించేచోట, రంగు జాకెట్ వేసుకుని నిలబడతాను. సాధన చేసేటప్పుడు రికార్డింగ్ ఆపేస్తాను. ఇళ్లున్న వైపు వెళ్లాల్సి వస్తే ముందు నిలువుగా పైకి లేపి, ఆ తర్వాతే ముందుకి తోస్తాను. దగ్గరికొచ్చి అడిగినవాళ్లకి స్క్రీన్ చేతికిస్తాను. వాళ్ల ఊరి చెరువూ, గుడి గోపురం పైనుంచి కనిపించేసరికి కోపంగా వచ్చిన మనిషి పిల్లల్ని కూడా పిలుచుకొస్తాడు. ఇది ఎన్నోసార్లు చూశాను. తిరుమల లాంటి నిషేధం ఉన్న చోట్ల మాత్రం బ్యాగ్‌లోంచి కూడా తీయొద్దు.

ప్రశ్న: ఇన్ని తిప్పలెందుకండీ? మామూలు జనానికి డ్రోన్లు మొత్తం నిషేధిస్తే పీడా విరగడైపోతుంది కదా? పోలీసులు, రైతులు వాడుకుంటే చాలు.
– రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం

జవాబు: అది ఒకసారి చేసి చూశామండీ. 2014 అక్టోబరు 7న పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఒక నోటీసుతో పౌరులు డ్రోన్ ఎగరేయడాన్నే ఆపేసింది. 2018 డిసెంబరు 1 దాకా అదే పరిస్థితి. ఆ నాలుగేళ్లలో పెళ్లిళ్లలో డ్రోన్లు ఆగాయా? దుకాణాల్లో అమ్మకం ఆగిందా? ఆగింది ఎవరంటే, చట్టానికి భయపడే కాలేజీలు, క్లబ్బులు, మాలాంటి మోడల్ విమానాలవాళ్లు. పద్ధతిగా నేర్పేవాళ్లు తప్పుకుంటే, మిగిలినవాళ్లు పద్ధతి తెలియకుండానే ఎగరేశారు. డాబాల మీదికొచ్చే డ్రోన్‌కి విరుగుడు నిషేధంలో లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పడవలు పోలేని ఇళ్లకి డ్రోన్లతో అన్నం, నీళ్లు అందించారు. కరెంటు తీగల మధ్య నుంచి, గాలిలో, ఒక బాల్కనీ దగ్గరికి సరుకు దించడం మాన్యువల్ చదివితే రాదు. ఖమ్మం అబ్బాయి లాంటి పిల్లలు ఖాళీ మైదానాల్లో పడేసి, విరగ్గొట్టి, మళ్లీ అతికించి నేర్చుకునే విద్య అది. మున్సిపాలిటీలు వారానికి ఒక పూట ఒక గ్రౌండు వీళ్లకి కేటాయిస్తే, సగం డ్రోన్లు ఇళ్ల మీద నుంచి వాటంతటవే పోతాయి. స్కూలు గ్రౌండులు ఆదివారం ఖాళీగానే ఉంటున్నాయి కదా.

2025 సెప్టెంబరులో కేంద్రం కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అందులో జైలు శిక్షల ప్రతిపాదన చూసి సరదాగా ఎగరేసేవాళ్లంతా హడలిపోయారు. నా మాట ఒక్కటే: కాగితం లేని తప్పుకీ, తొంగిచూసిన తప్పుకీ ఒకే బెత్తం వాడొద్దు. నంబరు వేసుకోని ఇంటర్ కుర్రాడికి జరిమానా వేయండి, డ్రోన్ కొన్నాళ్లు తీసుకోండి. కిటికీ దగ్గర డ్రోన్ నిలిపి తీసినవాడి మీద మాత్రం దయ చూపొద్దు.

పోలీసులు వాడితే చాలు అన్నారు. అక్కడ కూడా నాకు ఒక బెంగ ఉంది. 2023 డేటా రక్షణ చట్టం, వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాని వదిలేసింది. ప్రభుత్వ సంస్థలకి కూడా కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చంది. పేకాటరాయుళ్లని పట్టుకోడానికి తోటల మీద డ్రోన్ తిప్పితే నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ దారిలో పడిన మా పెరడు వీడియో ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు చూస్తారు అన్నది రాతలో ఉండాలి. పిల్లాడిని అడిగిన ప్రశ్న ప్రభుత్వాన్ని అడగకపోతే ఎలా?

ప్రశ్న: మా పెరట్లోకి వచ్చిన డ్రోన్‌ని రాయి పెట్టి కొడితే తప్పా? నా స్థలం, నా గాలి కదా!
– నంద్యాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొట్టొద్దండీ. మన చట్టం దృష్టిలో డ్రోన్ కూడా విమానాల కోవలోదే. పైగా పరాయి ఆస్తి పాడుచేశారని కేసు మీ మీదికే వస్తుంది. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ గడ్డివాము మీద పడితే ఆర్పడం కూడా కష్టం.

మీ "నా గాలి" అన్న మాటలో న్యాయం లేకపోలేదు. అమెరికాలో నార్త్ కరోలినా రైతు ఒకాయన కోళ్ల ఫారం మీద నుంచి మిలిటరీ విమానాలు 83 అడుగుల ఎత్తున పోయేవి. కోళ్లు బెదిరి గోడలకి కొట్టుకుని చచ్చిపోయేవి. ఆయన రాయి విసరలేదు, కోర్టుకి వెళ్లాడు. 1946లో అక్కడి సుప్రీంకోర్టు, నేలకి పైన యజమాని వాడుకోగలిగినంత ఎత్తు అతనిదే అని తేల్చింది. కాస్బీ కేసు అంటారు దాన్ని. మన డ్రోన్ నిబంధనల్లో అలాంటి ఎత్తు లేదు. తెనాలి జవాబులో నేను అడిగిన గీత అదే.

ప్రశ్న: నేను భీమవరంలో పెళ్లి వీడియోలు తీస్తాను. మొన్న ఒక పెళ్లిలో పక్కింటివాళ్లు మా డ్రోన్ తమ పెరట్లోకి చూసిందని పెద్ద గొడవ చేశారు. పెళ్లివాళ్లు ఒప్పుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. పెళ్లివాళ్లు వాళ్ల ఇంటికే ఒప్పుకోగలరు, పక్కింటికి కాదు. మీరు డబ్బు తీసుకుని ఎగరేస్తున్నారు కాబట్టి, మీ డ్రోన్ 250 గ్రాములు దాటితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉంటే గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని తీసుకోవచ్చు. పదేళ్లు చెల్లుతుంది. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ఇక మీ వృత్తి మర్యాద. ముందు రోజే చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి "రేపు ఉదయం ఊరేగింపు అప్పుడు, పందిరి మీద మాత్రమే ఎగరేస్తాం" అని చెప్పిరండి. బొట్టు పెట్టి పిలిచేవాళ్లతో పాటు మీ కుర్రాడిని పంపినా సరే. మంగళస్నానాల దగ్గరికీ, నలుగు పెట్టే దగ్గరికీ డ్రోన్ వద్దే వద్దు, పెళ్లికూతురి బంధువులు అడిగినా సరే. తలంబ్రాల వేళ డ్రోన్‌ని జంట నెత్తిమీదికి దించి పూలు చల్లించడం కూడా మానేయండి. రెక్క వేగం ముందు జడ ఎంత, చెయ్యి ఎంత! ఎడిట్ చేసేటప్పుడు పక్కింటి దృశ్యం ఏదైనా దొర్లితే కత్తిరించి, అసలు ఫైలు నుంచి కూడా తీసేయండి. అలా చేస్తామని మీ రేటు కార్డు మీద రెండు లైన్లు వేయిస్తే, మీ పేరు చెప్పి మరో నాలుగు పెళ్లిళ్లు వస్తాయి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాను. పదమూడేళ్ల మా అన్నయ్య కొడుక్కి ఇక్కడి నుంచి ఒక మంచి డ్రోన్ తెస్తే ఎయిర్‌పోర్టులో ఇబ్బందా?

జవాబు: తేవద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. కస్టమ్స్‌వాళ్లు తీసేసుకుంటే పండగ పూట మీకూ పిల్లాడికీ బాధ. విడిభాగాలకి ఆ నిషేధం లేదు గానీ, మోటార్లూ ఫ్రేములూ ఇక్కడే దొరుకుతాయి, సూట్‌కేసులో మోయక్కర్లేదు.

ముందు అతనికి కంప్యూటర్ మీద ఎగరేసే సిమ్యులేటర్ కొనివ్వండి. రిమోట్‌ని కేబుల్‌తో తగిలించి ఇంట్లోనే నేర్చుకోవచ్చు, ఎన్నిసార్లు పడేసినా పైసా ఖర్చు కాదు. వేసవి సెలవులకి చెయ్యి కుదురుతుంది. అప్పుడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఒక చిన్న డ్రోన్ బిగించుకుంటే, మొదటిసారి ఊరి బయట ఎగరేయవచ్చు. కెమెరా ఆ తర్వాత చూసుకోవచ్చు.